ఎసెన్‌కుల్ ఆగకుండా పోయిన రోజు

అట్‌బాషీ నుంచి సరిహద్దు వైపు పోయే రోడ్డు మీద చెయ్యెత్తినా ఆగని బండ్లు బోలెడు. ఎసెన్‌కుల్ వ్యాను మాత్రం చెయ్యెత్తకపోయినా ఆగేది. గుర్రం జీను సర్దుకోవడానికి రోడ్డు పక్కన నిలబడ్డవాణ్ణి కూడా "ఎక్కడికన్నా పోవాలా తమ్ముడూ?" అని అడిగి, వద్దంటే వాళ్లింట్లో అందరి క్షేమం కనుక్కుని మరీ కదిలేవాడు. లోపల కూర్చున్నవాళ్లు గొణిగేవాళ్లు. ఆ గొణిగేవాళ్లంతా కాసేపటి క్రితం అలా రోడ్డు పక్కన నిలబడి ఎక్కినవాళ్లే. బండెక్కాక మనిషి బుద్ధి మారిపోతుంది, ఏం చేస్తాం.

ఆగడం ఒక్కటే కాదు, నడపడం కూడా అలాగే ఉండేది. నెలలు నిండిన ఆడవాళ్లు, గుడ్ల బుట్టలు పట్టుకున్న ముసలమ్మలు, కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లు అతని బండి కోసమే కాచుకుని కూర్చునేవాళ్లు. ఇంజను గొంతు పెంచడం అతనికి సుతరామూ ఇష్టం లేదు. ఉమ్మడి పొలాల లారీలు నడిపే కాలంలో అతనికి స్టీరింగు పట్టడం నేర్పిన ముసలి డ్రైవరు, ఇంజను అరిచిందంటే లోపల అరిగిపోతున్నట్టేనని జడిపించి పెట్టాడట. అప్పట్లో ఒక చిన్న ముక్క విరిగినా దొరికేది కాదు. అందుకని పెద్ద గేరులో వేసి, ఇంజను లోలోపలే గుర్రుమంటూ ఉండేలా నింపాదిగా లాగించేవాడు. నడిచి బయల్దేరినవాడు ముందే చేరి ఎసెన్‌కుల్ కోసం టీ కాచి ఉంచుతాడని కుర్రాళ్లు వెక్కిరించేవాళ్లు. అతనూ వాళ్లతోపాటు నవ్వేవాడు.

ఆ తెల్ల వ్యాను జర్మనీలో ఎవరో వాడి అమ్మేసింది. దాన్ని తెచ్చిన రోజున భార్య ఊల్కాన్ జునిపర్ కొమ్మలు కాల్చి, దిష్టి తగలకుండా చుట్టూ పొగ తిప్పింది. దాని పొట్ట కింద పొగగొట్టంలో ఒక ఫిల్టరు ఉందని అప్పుడు ఇద్దరికీ తెలియదు. ముందుగా కనిపెట్టింది ఊల్కానే, అదీ తన ఉన్ని వల్ల.

ఊల్కాన్ తెల్ల టోపీలకు కావలసిన నమదా చేస్తుంది. ఉన్ని దులిపి, వేడినీళ్లు పోసి, రెల్లు చాపలో చుట్టి తొక్కి, అతుక్కున్నాక వాకిట్లో ఆరేస్తుంది. వాళ్ల పాత బస్సును చలికాలం పొద్దున్నే ఆ వాకిట్లోనే చాలాసేపు వేడెక్కించాల్సి వచ్చేది. అది కక్కే మసి వచ్చి నమదా మీద పడేది. పెళ్లికొడుకు పెట్టుకోవలసిన టోపీ బూడిద రంగుకు తిరిగేది. ఊల్కాన్‌కు దగ్గు పట్టుకుంది. ఈ విషయం మీద ఆ మొగుడూ పెళ్లాలు పోట్లాడుకోని చలికాలం లేదు. "నీ బండి నా ఉన్నిని ముసలిదాన్ని చేసేస్తోంది, నన్ను కూడా" అని ఆమె దెప్పేది.

కొత్త వ్యాను వచ్చాక నమదా తెల్లగానే ఆరింది. ఊల్కాన్‌కు అనుమానం వచ్చి, ఒక తెల్లగుడ్డ తీసుకుని పొగగొట్టం లోపల తిప్పి చూసింది. గుడ్డ తెల్లగానే వచ్చింది. ఆ గుడ్డను ఇరుగుపొరుగుకు చూపించి వచ్చింది. ఆ శీతాకాలం గడిచేసరికి దగ్గు కూడా తగ్గుముఖం పట్టింది. మొగుడి కంటే ఆ బండినే ముద్దుగా చూసుకుంటుందని ఊళ్లో అనుకున్నారు, అందులో అబద్ధం పెద్దగా లేదు.

అయితే మూడో ఏడు వచ్చేసరికి బండి నీరసించింది. పెద్దాసుపత్రి ఉన్న నారిన్ పట్నం పోవాలంటే కిజిల్‌బెల్ కనుమ ఎక్కాలి. చదునుగా ఉన్నచోట బాగానే పోయేది. ఎత్తు మొదలయ్యేసరికి, కాలితో ఎంత తొక్కినా, నిద్రలో నడిచేవాడిలా పాకేది. స్టీరింగు ముందు పసుప్పచ్చ హెచ్చరిక దీపం వెలిగేది. డీజిల్ మాత్రం మునుపటి కంటే ఎక్కువ తాగేది. మిగతా డ్రైవర్ల దగ్గరా ఇలాంటి బండ్లే ఉన్నాయి. వాళ్లంతా ఏనాడో ఫిల్టరు కోయించి పారేసి, కనుమ మీద నల్లటి పొగ వదులుతూ, హారన్ కొట్టి మరీ ఇతన్ని దాటిపోయేవాళ్లు. "కోయించెయ్యి ఎసెన్‌కుల్, గొంతులో గుడ్డ కుక్కుకుని కొండెక్కుతావా?" అనేవాళ్లు. అతను ఊల్కాన్ నమదా తలుచుకుని ఊరుకునేవాడు. ఎక్కినవాళ్లు దిగి, మలుపు దాకా నడిచి, మళ్లీ ఎక్కేవాళ్లు. కొన్నాళ్లకు ముసలమ్మలు కూడా, మొహం తిప్పుకుని, పక్క బండి ఎక్కడం మొదలుపెట్టారు.

ఒకరోజు నొప్పులు మొదలైన పిల్లను నారిన్ ఆసుపత్రికి తీసుకుపోతున్నాడు. సగం కనుమలో బండి ఇక కదలనని మొరాయించింది. ఆ పిల్లను గాలిలో, మంచులో దింపి, వెనకాల వచ్చిన ఇంకో వ్యానులోకి ఎక్కించారు. తల్లీబిడ్డా క్షేమంగానే ఉన్నారు గానీ, బండి దిగేటప్పుడు వెంట వచ్చిన ఆ పిల్ల తల్లి ఇతని వైపు చూసిన చూపు అతని ఒంట్లో గుచ్చుకుపోయింది. తన బండిని నమ్మి ఎక్కినవాళ్లను తానే చంపుకుంటాడా? ఇంటికి వచ్చి, తెల్లారగానే అట్‌బాషీ పోయి కోయించేస్తానన్నాడు.

తెల్లవారి వాకిట్లో పెద్ద గొడవే అయింది. ఊల్కాన్ మోకాళ్ల దాకా తడి ఉన్నిలో ఉంది. వియ్యంకుడు మంబెతాలికి టోపీ కోసమని ఏరి పెట్టుకున్న శ్రేష్ఠమైన ఉన్ని అది. మళ్లీ ఆ మసి, మళ్లీ ఆ దగ్గు తనకు వద్దంది. మనుషుల ప్రాణం కంటే ఉన్ని ఎక్కువా అని అతనన్నాడు. తన ప్రాణం మనుషుల్లో లెక్క కాదా అని ఆమె అడిగింది. ఆ మాటకు అతనికి కోపం వచ్చింది. బండి తీశాడు.

"కోయించుకునేటట్టయితే ఇంటికి రాకు," అంది ఊల్కాన్ వెనకనుంచి. "ఆ కోసేవాడి వాకిట్లోనే పడుకో."

అట్‌బాషీ బజారు వెనక తిలెక్ అనే మెకానిక్కు షెడ్డు ఉంది. కోసి తీసిన ఫిల్టర్లు షెడ్డు వెనక పాత బకెట్లలా గుట్టగా పడి ఉంటాయి. కోయడమే అతని బతుకుతెరువు. అయినా ఆ పొద్దున్న అతను రంపం తియ్యలేదు. అతని నెత్తిన ఉన్నది ఊల్కాన్ చేసిన టోపీయే కావడం వల్లనేమో, ముందు యంత్రం తగిలించి, బండి కడుపులో ఏముందో చూశాడు. చూసి నవ్వాడు.

అతను చెప్పింది ఇదీ. ఆ ఫిల్టరు ఒక జల్లెడ. మసిని పట్టి ఉంచుకుంటుంది. నిండబోయేసరికి బండి దానంతట అదే ఆ మసిని కాల్చి బూడిద చేసుకుంటుంది. కాకపోతే పొగ బాగా కాగాలి. ఇంజను గొంతెత్తి, ఎక్కడా ఆగకుండా, చాలాసేపు పరుగెత్తాలి. ఎసెన్‌కుల్ నడకకు అది కాగదు. ఎప్పుడైనా కాగి కాల్చడం మొదలుపెట్టినా, అంతలో రోడ్డు పక్కన ఎవరో కనిపిస్తారు. బండి ఆగుతుంది. మంట చచ్చిపోతుంది. మసి మసిగానే ఉంటుంది. జల్లెడ పూడుకుపోయి, పొగ బయటికి పోయే దారి లేక, ఇంజనుకు ఊపిరాడడం లేదు.

"మాంసం పొయ్యి మీద పెట్టి, ఉడుకు రాగానే దింపేస్తున్నావన్నా," అన్నాడు తిలెక్. "మళ్లీ పెడతావు, మళ్లీ దింపుతావు. మూడేళ్ల నుంచి ఇదే వంట."

ఎసెన్‌కుల్ తండ్రి పందెపు గుర్రాలను తయారుచేసేవాడు. పందేనికి ముందు గుర్రాన్ని పరుగెత్తించి, చెడ్డ చెమట అంతా కారేదాకా వదిలేవాడు కాడు. చెమట పట్టని గుర్రం ఎత్తులో ఊపిరందక కూలబడుతుందని ఆ ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అతనికి వెంటనే అర్థమైంది, సిగ్గు కూడా వేసింది. గుర్రాల ఇంట్లో పుట్టి, ఈ గుర్రానికి ఒక్కనాడూ చెమట పట్టించలేదు.

చివరిసారిగా ఒక ప్రయత్నం చేద్దామన్నాడు తిలెక్. మంటను తాను మొదలుపెట్టిస్తాడు. సరిహద్దు వైపు చదును రోడ్డు మీద, చిన్న గేరులో, ఇంజను అరుస్తున్నా పట్టించుకోకుండా, దీపం ఆరేదాకా పోవాలి. మధ్యలో ఆగితే ఇక ఆ జల్లెడ పనికిరాదు, కోయడం ఒక్కటే దారి. ఇంత చెప్పి, పెదవి విరిచాడు.

"నీవల్ల అయ్యేది కాదులే అన్నా. నువ్వు ఆగకుండా ఉండలేవు. సాయంత్రం రా, రంపం పదును పెట్టి ఉంచుతా."

ఆ మాట ఎసెన్‌కుల్‌కు తగలాల్సిన చోట తగిలింది. ఖాళీ బండితో బయల్దేరాడు.

చిన్న గేరులో బండి కేకలు పెడుతుంటే అతని పళ్లు జివ్వుమన్నాయి. కాలు దానంతట అదే వెనక్కి వస్తోంది. బలవంతాన తొక్కిపట్టాడు. మొదటి మలుపు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు మూటలతో నిలబడి ఉన్నారు. బండిని చూసి నవ్వుతూ మూటలు ఎత్తుకున్నారు. అతను వాళ్లను దాటిపోయాడు. అద్దంలో చూస్తే మూటలు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. తరవాత మాస్టారు గారబ్బాయి, తరవాత చంటిపిల్లతో ఒక తల్లి. శ్మశానం దగ్గర ఎప్పుడూ బండి నెమ్మదిచేసి, రెండు అరచేతులతో మొహం తుడుచుకుని పోయినవాళ్లను తలుచుకునేవాడు. ఇవాళ ఒంటిచేత్తో తుడుచుకుని, క్షమించండని పైకే చెప్పి, అదే వేగంతో పోయాడు. వెనకనుంచి మాడు వాసన, తెల్లటి పొగ వస్తున్నాయి. ఫోను మోగింది. బండి ఆపితే తప్ప ఫోను ఎత్తడం అతనికి అలవాటు లేదు. అది మోగి మోగి ఊరుకుంది.

పక్క ఊరి అడ్డరోడ్డు దగ్గర, కర్ర ఆనించుకుని, ఎసెన్‌కుల్ వాళ్ల ఊరికే రావడానికి బండి కోసం చూస్తూ, వియ్యంకుడు మంబెతాలి నిలబడి ఉన్నాడు.

కూతురు మీరిమ్‌ను ఇచ్చిన ఇంటి పెద్ద ఆయన. మామూలు మనిషిని దాటిపోతే మాట వస్తుంది. వియ్యంకుణ్ణి దాటిపోతే ఏమొస్తుందో ఊహించడానికే ఎసెన్‌కుల్‌కు భయం వేసింది. ఆయన చెయ్యి కూడా ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమేముంది, ఆగేది ఎసెన్‌కుల్ కదా. తలుపు తెరుచుకుంటుందని ఒక అడుగు ముందుకు వేశాడు. ఎసెన్‌కుల్ మొహం బిగపట్టుకుని, రోడ్డు వైపే చూస్తూ, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా, ఆయన పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ పోయాడు.

తమ ఊరు దాటాడు. ఊళ్లు వెనకబడ్డాయి. రెండు వైపులా గడ్డి మైదానం, దూరంగా మంచు కొండలు. ఫోను మళ్లీ మోగింది, అతను తొక్కుతూనే ఉన్నాడు. ఒకచోట, తాను చూడకుండానే, దీపం ఆరిపోయి ఉంది. ఎప్పుడు ఆరిందో తెలియదు. ముందున్న ఎత్తు మీదికి బండిని వదిలాడు. అది పట్టిన జోరుకు వీపు వెనక్కి ఆనింది. పైకి చేరి, బండి ఆపి, కిందికి దిగి, గుర్రం మెడ నిమిరినట్టు బానెట్ మీద చెయ్యి వేసి, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఊల్కాన్‌కు ఏం చెప్పాలో మనసులో కూర్చుకున్నాడు.

ఇక్కడ ఊళ్లో జరిగిన కథ వేరు. మంబెతాలికి మొదట కోపం రాలేదు, గుండె ఆగినంత పనైంది. ఎసెన్‌కుల్ తనను చూసి కూడా ఆగలేదు. మొహం రాయిలా ఉంది, కళ్లలో నీళ్లు, బండి వెనక పొగ. ఫోను చేస్తే ఎత్తడం లేదు. ఇలాంటి మనిషి ఇలా పోయాడంటే అర్థం ఒక్కటే, ఆ ఇంట్లో ఎవరో పోయారు. వెనక వచ్చిన బండి ఎక్కాడు. దాంట్లో అప్పటికే మూటల ఆడవాళ్లు, చంటిపిల్ల తల్లి, మాస్టారు గారబ్బాయి ఉన్నారు. అందరూ అదే అనుకుంటున్నారు.

ఆ ఊళ్లలో చావింటికి వెళ్లి ఎవరు పోయారని అడగరు. మగవాళ్లు దూరంనుంచే గట్టిగా ఏడుస్తూ వస్తారు. ఇల్లు ఇంకా దూరాన ఉండగానే మంబెతాలి కర్ర మీద ఒరిగి గొంతెత్తాడు. ఊళ్లోవాళ్లు ఆ కేక విని, ఉన్నపళాన పనులు వదిలేసి వెనక చేరారు.

వాకిట్లో ఉన్ని తొక్కుతున్న ఊల్కాన్ తలెత్తి చూసింది. ఊరు మొత్తం తన గుమ్మం వైపు ఏడుస్తూ వస్తోంది. ముందు వియ్యంకుడు. ఆ ఇంటికి ఉన్న మగదిక్కు ఒక్కడే. ఆ ఒక్కడూ ఇంట్లో లేడు. ఆమె కూడా ఎవర్నీ ఏమీ అడగలేదు. ఉన్నిలోంచి బయటికి వచ్చి, తడి కాళ్లతో లోపలికి వెళ్లి, గోడ వైపు తిరిగి కూర్చుని, శోకం ఎత్తుకుంది. ఆమె గొంతు వినగానే బయట ఉన్నవాళ్లకు మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది.

ఎసెన్‌కుల్ తిరిగొచ్చేసరికి గేటు ముందు గుర్రాలు, బండ్లు. గోడవారగా మగవాళ్లు తలలు వంచుకుని ఏడుస్తున్నారు. పొద్దున్న తాను మనుషుల ప్రాణం గురించి అడిగిన మాట, ఆమె తన ప్రాణం గురించి అడిగిన మాట, రెండూ ఒక్కసారే గుర్తొచ్చాయి. దగ్గు ముదిరి ఊల్కానే పోయిందనుకున్నాడు. బండిలోంచి దూకి, అందరిలాగే గట్టిగా ఏడుస్తూ వాకిట్లోకి పరుగెత్తాడు. ఎవరో చేతులు చాచారు. ఆ భుజం మీద పడి భోరుమన్నాడు. ఆ భుజం మంబెతాలిది. ఆయన కూడా ఇతని మెడ పట్టుకుని, కళ్లు మూసుకుని, ఏడ్చాడు. అలా కాసేపు ఇద్దరూ ఒకరినొకరు ఓదార్చుకున్నారు.

ముందుగా మంబెతాలి కళ్లు తెరిచాడు. వెనక్కి జరిగి, ఇతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"బావగారూ," అన్నాడు గొంతు సవరించుకుని, "మరి పోయిందెవరు?"

ఎసెన్‌కుల్ నోరు తెరిచేలోపే ఇంట్లోంచి శోకం వినిపించింది. అది ఊల్కాన్ గొంతు. దగ్గుతో మధ్యమధ్య తెగుతోంది.

"చెయ్యెత్తినవాణ్ణి దాటి పోనివాడా, నన్ను దాటి పోయావా. ముప్పై ఏళ్లలో నా మాట ఒక్కటీ విననివాడా, ఇంటికి రావద్దన్న మాటే విన్నావా. నా ఉన్ని నల్లబడితే నల్లబడనీ, నీ బండి నా వాకిట్లో ఉంటే చాలు. పొగ పెట్టు, నేను దగ్గుతాను, నువ్వు రా."

ఎసెన్‌కుల్ గుమ్మం దాకా వెళ్లాడు. లోపలి ఆడవాళ్లు అతన్ని చూసి ఒకరి మీద ఒకరు పడ్డారు. ఊల్కాన్ గోడ వైపే తిరిగి ఉంది. దారి పొడుగునా కూర్చుకున్న మాటల్లో అతనికి ఒక్కటే మిగిలింది.

"కోయించలేదు," అన్నాడు.

ఊల్కాన్ తిరిగి చూసింది. లేచి వచ్చింది. అతని చెంపల మీద, భుజాల మీద చేతులు వేసి చూసుకుంది. ఆ తరవాత తడి ఉన్ని ముద్ద ఒకటి అందుకుని, ఊరంతా చూస్తుండగా, చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టింది. అతను తల వంచుకుని, కొట్టించుకున్నాడు. అతన్ని అంత సంతోషంగా అంతకుముందెప్పుడూ ఎవరూ చూడలేదు.

వచ్చినవాళ్లను ఊరికే పంపలేరు కాబట్టి గొర్రెను కోశారు. దాటిపోయినందుకు ఎసెన్‌కుల్ ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాడు. మంబెతాలి మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. తన ఏడుపు వృథా పోయిందని, దాన్ని ఎక్కడ జమ వేసుకోవాలని సాయంత్రం దాకా అడుగుతూనే ఉన్నాడు. టోపీ ఒకటి కాదు, రెండు కావాలన్నాడు. రెండూ మంచులా తెల్లగా వచ్చాయి.

ఇప్పుడు వారానికి ఒక పొద్దున్న ఎసెన్‌కుల్ వ్యాను అరుచుకుంటూ, ఎవరి దగ్గరా ఆగకుండా, సరిహద్దు దాకా పోయి వస్తుంది. ఆ వేళకు రోడ్డు మీద ఉన్నవాళ్లు చేతులు జేబుల్లో పెట్టుకుని, పక్కకు జరిగి, నవ్వుతూ దారి ఇస్తారు. కనుమ మీద నెలలు నిండినవాళ్లు మళ్లీ అతని బండే ఎక్కుతున్నారు. మిగతా ఆరు రోజులూ అతను మామూలుగానే, చెయ్యెత్తినా ఎత్తకపోయినా ఆగుతాడు.

మొదటి వారమే ఊల్కాన్ వచ్చి ముందు సీటులో కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ బండిలో వాళ్లిద్దరే పోవడం అదే మొదలు. ఊళ్లు దాటాక ఎసెన్‌కుల్ ఉండబట్టలేక, రోడ్డు మీదినుంచి కళ్లు తిప్పకుండానే అడిగాడు.

"ఆ రోజు నేను వచ్చి మధ్యలో ఆపేశా. ఆ శోకంలో ఇంకా ఏముంది?"

"చాలా ఉంది," అంది ఊల్కాన్, కిటికీలోంచి గడ్డి మైదానం చూస్తూ. "మిగతాది నువ్వు నిజంగా పోయినప్పుడు చెబుతా. తొందరేం లేదు, మీరిమ్ నాన్నా. దీపం ఆరేదాకా నడుపు."